అక్రోటు కర్ర పిడి

భర్త రఘుపతి పోయాక అతని వస్తువులు సర్దడానికి శ్యామలాదేవికి ఎక్కువ కాలం పట్టలేదు. మస్కట్‌లో, అల్ ఖౌద్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో అతనివంటూ ఉన్నవే తక్కువ. కాలేజీ వాళ్ల లాప్‌టాప్ కాలేజీకి ఇచ్చేసింది. చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేయించి, బిల్డింగ్ వాచ్‌మన్‌కి ఇచ్చింది. కళ్లజోళ్లు, వాచీ ఒక డబ్బాలో పెట్టి బీరువా పై అరలోకి తోసింది. ఇక ఏమీ మిగల్లేదనుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది. అల్ ఖువైర్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ అది. గుద్దుకున్న కార్ల ఫోటోలు చూసి క్లెయిములు తేల్చడం ఆమె పని. అలా తల వంచుకుని పని చేసుకుంటున్న రోజుల్లో షూటింగ్ క్లబ్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, నా పేరు నిసార్ అహ్మద్. రేంజిలో పని చేస్తాండా. సార్ లాకరు ఒకటుండాది ఈడ. కొత్త మెంబర్లు అడుగుతాండారు. మీరొకసారి వచ్చి సామాన్లు తీసుకుంటే బాగుంటాది."

క్లబ్ నుంచి తెలుగు వినిపిస్తుందని ఆమె అనుకోలేదు. "వస్తాను" అని పెట్టేసింది.

రఘుపతి ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆ క్లబ్‌కి వెళ్లేవాడు. కాలేజీలో ప్రయోగశాల పరికరాలు బాగుచేసే ఇంజినీరు. వారమంతా మాట్లాడకుండా పని చేసేవాడు, శుక్రవారం మాట్లాడకుండా గురి చూసేవాడు. పెళ్లయిన కొత్తలో పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లు. డాక్టర్ల చుట్టూ తిరగడం అయ్యాక ఆ మాట ఆగిపోయింది. దాంతో పాటు ఇంకా చాలా మాటలు ఆగిపోయాయి. ఒకసారి మాత్రం "నువ్వూ ఓసారి రావచ్చుగా" అన్నాడు. "తుపాకులు చూడ్డానికా?" అంది ఆమె. అతను నవ్వి కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వులో నొచ్చుకున్నాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

నిసార్ అహ్మద్ యాభై దాటిన మనిషి, కర్నూలు వాడు. గడ్డం నెరిసింది. రేంజి ఆఫీసులో ఆమెను కూర్చోబెట్టి, టీ తెప్పించి, లాకరు తాళం తీశాడు. లోపల ఒక టోపీ, చేతులు తుడుచుకునే తువ్వాలు, ఎడమ కంటికి అడ్డంగా పెట్టుకునే ప్లాస్టిక్ రేకు, సీసపు గుళ్ల డబ్బా. అడుగున మెత్తటి గుడ్డలో చుట్టిన చెక్క ముక్క.

"ఇదేంటండీ?"

"పిడి మేడమ్. పిస్టల్ పిడి. గాలితో కాల్చే పిస్టల్ అది, క్లబ్‌ది. మనలాంటి బయటి దేశపోళ్ల దగ్గర ఉండకూడదు, గేటు దాటనీయం. పిడి మాత్రం సార్ సొంతం. జర్మనీ నుంచి తెప్పించుకున్నాడు, అక్రోటు కర్ర."

ఆమె దాన్ని గుడ్డలోంచి తీసింది. నల్లగా నిగనిగలాడే కర్ర, దాని మీద అక్కడక్కడా గోధుమ రంగు లప్పం అతుకులు. బొటనవేలు ఆనే చోట ఒక గుంట, వేళ్లు చుట్టుకునే చోట గాళ్లు. ఉంగరం వేలి గాడి మిగతా వాటిలా తిన్నగా లేదు, మధ్యలో పక్కకి తిరిగింది. రఘుపతికి చిన్నప్పుడు తలుపు సందులో పడి ఆ వేలు విరిగింది, వంకరగానే అతుక్కుంది. అరచేయి ఆనే చోట లప్పం మీద సన్నటి గీతలు కూడా ఉన్నాయి. తడి ఆరకముందే గట్టిగా పట్టుకుని ఉంటాడు.

శ్యామల తన చేతిని అందులో పెట్టింది. చిన్నపిల్ల నాన్న చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టుంది. అయినా తియ్యలేదు. టీ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. నిసార్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

"దీన్ని దేనికి బిగిస్తారో ఒకసారి చూడొచ్చా?" అని అడిగింది చివరికి.

అతను పిస్టల్ తెచ్చాడు, కింద ఒక బోల్టుతో పిడి బిగించాడు. గోడ మీద నియమాలు చదివించాడు, కళ్లద్దాలు పెట్టించాడు, ట్రిగ్గర్ మీదికి వేలు ఎప్పుడు పోవాలో ఎప్పుడు పోకూడదో మూడుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడుగానీ చేతికివ్వలేదు. ఒంటి చేత్తో ఎత్తేసరికి ఆమె భుజం వణికింది. ఎదురుగా, గది ఆ చివర, తెల్ల కాగితం మీద నల్లటి చుక్క. మొదటి గుండు ఎక్కడికి పోయిందో ఇద్దరికీ కనిపించలేదు.

"మొదట్లో అందరికీ గోడే తగులుతాది" అన్నాడు నిసార్. "మళ్లీ శుక్రవారం రండి."

వెళ్లనని అనుకుంది. వెళ్లింది.

ఆ తర్వాత ఆ వెళ్లడం అలవాటైపోయింది. లాకరు ఆమె పేరు మీదికి మారింది. కాకినాడ నుంచి ఆడపడుచు సుమలత ఫోన్ చేసి "ఒక్కదానివే అక్కడేం చేస్తావు వదినా, వచ్చెయ్యి" అనేది. తెలుగు వాళ్ల కూడికల్లో ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని "ఎలా ఉంటున్నావమ్మా ఒక్కదానివీ" అని అడిగేవాళ్లు. ఆమె ఆ కూడికలకు వెళ్లడం మానేసింది. రేంజిలో ఎవరూ ఏమీ అడగరు. అందరూ ఒకే వైపు తిరిగి నిలబడతారు, ఎవరి గీత మీద వాళ్లు, ఎవరి ఊపిరి వాళ్లది. చెయ్యి ఎత్తి, ఊపిరి సగం వదిలి, పిస్టల్ మీద ముందున్న గుర్తుని వెనక గాడిలో నిలబెట్టేసరికి తల ఖాళీ అయిపోయేది. ఆ కాసేపూ ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి విధవా కాదు. ఇంత ప్రశాంతమైన చోటు ఒకటి దొరికించుకుని ఈ మనిషి ఇన్నేళ్లూ తనకి సరిగ్గా చెప్పలేదే అని ఒకోసారి కోపం కూడా వచ్చేది. చెప్పాడు కదా, నువ్వు రాలేదు కదా అని వెంటనే ఇంకో గొంతు పలికేది.

కానీ గుండ్లు మాత్రం ఎంత చేసినా ఎడమకీ కిందికీ పోయేవి. నిసార్ ఒకరోజు పక్కన నిలబడి చాలాసేపు చూశాడు.

"మీ తప్పేమీ లేదు మేడమ్. పిడి మీది కాదు. మీరు ట్రిగ్గర్ నొక్కినప్పుడంతా చెయ్యి లోపల జరుగుతాంది. ఖాళీ ఎక్కువుండాది."

"ఏం చెయ్యాలి?"

"కొత్తది చిన్న సైజు తెప్పించుకోవచ్చు. తుపాకి సామాను అంటే కస్టమ్స్‌లో నానా కాగితాలు అడుగుతారు, ఎప్పటికొస్తాదో చెప్పలేం. లేదంటే మనమే చేసుకోవాల. ఈ లప్పం గీకేసి, వేరేది పెట్టి, మీ చేతికి తగ్గట్టు ఆకురాయితో రాయడమే. సార్ కూడా ఈడ కూచొని రాసేటోడు."

"ఇది గీకను" అంది ఆమె వెంటనే.

నిసార్ ఆమె మొహం చూశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. "అట్లయితే కొత్తది చేసేటోణ్ణి వెతకాల" అన్నాడు.

వెతికారు. మస్కట్‌లో వేట సామాను అమ్మే దుకాణం వాళ్లు తాము అమ్మడమే గానీ కర్ర పని చేసేవాళ్లం కామన్నారు. ఒక కేరళ వడ్రంగి పిడిని అటూ ఇటూ తిప్పి చూసి, తుపాకి సంగతి అని తెలియగానే బల్ల మీద పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. పోలీసుల భయం అతనిది. చివరికి క్లబ్‌కి వచ్చే ఒమానీ పెద్దాయన ఎవరో నిసార్‌తో చెప్పాడట, ఇబ్రా అనే ఊళ్లో హమూద్ అని ముసలాయన ఉన్నాడని. పండగల్లో, పెళ్లిళ్లలో మగవాళ్లు గాల్లోకి ఎగరేసి పట్టుకునే పాతకాలపు తుపాకులకు కర్ర భాగాలు చేస్తాడట.

"పిస్టల్ పని ఆయనెరగడేమో మేడమ్. కానీ కర్ర ఏ తుపాకిదైనా కర్రే కదా."

శనివారం ఆమె ఒక్కతే కారులో ఇబ్రాకు బయలుదేరింది. ఎక్కడికైనా దూరం వెళ్లాలంటే రఘుపతే నడిపేవాడు, ఆమె పక్కన కూర్చుని నిద్రపోయేది. ఈ దారిలో ఇన్ని కొండలున్నాయని ఇప్పుడే చూస్తోంది. పచ్చదనం లేని కొండలు, ఒకదాని వెనక ఒకటి, ఎండకు గోధుమరంగుగా, ఊదారంగుగా. పక్క సీటులో గుడ్డలో చుట్టిన పిడి. మలుపుల దగ్గర అది జారిపోకుండా కుడి చెయ్యి దాని మీద వేసి నడిపింది.

పాత బజారులో, వెండి పని దుకాణాల వెనక సందులో హమూద్ దుకాణం. తలుపు దగ్గర గోడకు ఆనించిన పొడుగాటి తుపాకులు, వాటి కొయ్యల మీద వెండి కట్లు. ముసలాయన తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా తొడుక్కుని చాప మీద కూర్చుని ఉన్నాడు. కుర్రతనంలో బొంబాయిలో కొన్నేళ్లు ఉన్నాడట, హిందీ వచ్చు. ఆమెకూ హిందీ వచ్చు, ఆఫీసులో నెట్టుకొచ్చేటంత. ఇద్దరి హిందీలూ ఎక్కడెక్కడో నేర్చుకున్నవి, ఒకదానికొకటి సరిగ్గా అతకవు.

"ఇలాంటిదే కావాలి" అంది పిడి చూపించి. "నా చేతికి."

హమూద్ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. గోటితో లప్పాన్ని గీరాడు. మొహం చిట్లించాడు.

"ఈ మట్టి ఎవరు పెట్టారు?"

"పాతది అది. నాకు... ఇలాగే, కానీ చిన్నగా. నా చేతికి సరిపోయేటట్టు."

"నీ చేతికి."

"అవును. నా చేతికి."

"ముష్కిల్ మాఫీ" అన్నాడు ముసలాయన. కష్టమేమీ లేదన్నమాట. ఆమె అరచేతిని అట్టముక్క మీద పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. తడి మట్టి ముద్ద ఇచ్చి గట్టిగా పిసకమన్నాడు, ఆ పిసికిన ముద్దని జాగ్రత్తగా పలక మీద పెట్టాడు. బొటనవేలి కింది కండ ఎంత ఎత్తుందో తన వేళ్లతో కొలుచుకున్నాడు. అలా తన చేతిని ఇంకో మనిషి పట్టుకుని ఎన్నాళ్లయిందో అని శ్యామలకు తోచి, ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది.

పిడిని నమూనాగా అక్కడే వదిలి వెళ్లాలంటే మనసొప్పలేదు. "దీన్ని జాగ్రత్తగా..." అని ఆగిపోయింది. మిగతా మాటకు హిందీ తట్టలేదు.

హమూద్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అమానత్. నా దగ్గర నీ వస్తువు భద్రం."

ఆ వారం ఆఫీసులో పని ఎక్కువగానే ఉంది. ఎవరో కుర్రవాడు ఒంటెను గుద్దాడు. ఆ కారు ఫోటోలు చూస్తూ కూడా ఆమె మనసు ఇబ్రా చాప మీదే ఉంది. కొత్త పిడి వచ్చాక పాతదాన్ని ఎక్కడ పెట్టాలో కూడా నిర్ణయించుకుంది. బీరువాలో కాదు, మంచం పక్క బల్ల మీద. ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో కూడా అనుకుంది. ఆ తర్వాత తన ఇంటికి ఎవరూ రారన్న సంగతి గుర్తొచ్చింది.

తరువాతి శనివారం హమూద్ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. పళ్లెంలో ఖర్జూరాలు పెట్టి, చిన్న గిన్నెలో కహ్వా, అరబ్బుల కాఫీ, పోశాడు. అప్పుడు గోడ గూట్లోంచి ఒక మూట తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

అందంగా ఉంది. కర్ర నూనె తాగి మెరుస్తోంది, లోపలి చారలు నీటి అలల్లా కనబడుతున్నాయి. చేతిలోకి తీసుకుంది. వేళ్లు వెతుక్కోకుండానే వాటి చోట్లలోకి వెళ్లిపోయాయి. అరచేయి నిండింది. ఎక్కడా ఖాళీ లేదు.

"చాలా బాగుంది" అంది మనస్ఫూర్తిగా. "ఇంత మంచి కర్ర ఎక్కడ దొరికింది?"

ముసలాయన నవ్వాడు. "నాకెక్కడిది? ఇది నీదే. ఆ మట్టి కింద ఇంత మంచి కర్ర దాక్కుని ఉంది. మట్టంతా తీసేశాను, లావు తగ్గించాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "పాతది ఏది?"

"ఇదే."

"కాదు, పాతది. నేనిచ్చింది."

"ఇదే, ఇదే" అన్నాడు హమూద్ ఉత్సాహంగా, ఆమె చేతిలోని పిడిని వేలితో తడుతూ. "నీ చేతికి చెయ్యమన్నావు కదా. నీ చేతికి చేశాను."

శ్యామల కింద చూసింది. బోల్టు దూరే రంధ్రం చుట్టూ ఉన్న ఇత్తడి రింగు అదే. అడుగున జర్మన్ అక్షరాల ముద్ర అదే. బొటనవేలి గుంట వేరు. గాళ్లు వేరు. మూడు వేళ్ల గాళ్లూ తిన్నగా, నున్నగా, ఒకదాని కింద ఒకటి. ఆ వంకర గాడి కోసం బొటనవేలితో తడిమింది. ఎక్కడా లేదు.

"ఆ మట్టి..." అంది. "తీసిన మట్టి, పొట్టు... ఉందా?"

"ఊడ్చేశాను. ఎందుకు?"

ఆమె చుట్టూ చూసింది. చాప పక్కన నేల శుభ్రంగా ఉంది. గుమ్మం బయట గాలికి సందులో దుమ్ము లేస్తోంది.

"బాగా రాలేదా?" అని అడిగాడు ముసలాయన. నవ్వు పోయింది.

"బాగుంది. చాలా బాగుంది."

ఆయన ఆమె ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు తన చేతుల వైపే చూసుకున్నాడు. "పెద్ద చెయ్యి అది" అన్నాడు మెల్లగా. "ఒక వేలు వంకర. ఆ గాడి అలా ఎందుకుందో నాకు అంతుపట్టలేదు. కావాలనే పెట్టారేమో, ఏదో కారణం ఉంటుందని చివరిదాకా దాన్ని ముట్టుకోలేదు. మిగతాదంతా అయిపోయాక, నీ వేలు అందులో కూర్చోదని చూసుకుని, అప్పుడు తీశాను. ఎవరి చెయ్యి?"

"మా ఆయనది."

"ఎక్కడున్నాడు?"

"లేరు" అంది తెలుగులో. ఆయనకు ఆ మాట తెలియకపోయినా అర్థమైంది.

హమూద్ పెదవులు కదిలాయి, ఏదో ప్రార్థన కావచ్చు. కళ్లు తుడుచుకున్నాడు, ఆ కళ్లలో ముందునుంచే నీరు కారుతూ ఉండేదేమో తెలియదు. లేచి వచ్చి ఆమె ఖాళీ గిన్నెలో మళ్లీ కహ్వా పోశాడు. కాస్త పళ్లెంలో ఒలికింది. క్షమించమని అనలేదు. అని ఉంటే ఆమె తట్టుకోలేకపోయేది. ఆ కహ్వా తాగి, లేచి, నమస్కారం పెట్టి వచ్చేసింది. ఇవ్వబోయిన మజూరీ ఆయన తీసుకోలేదు.

తిరుగు దారిలో కొండల మధ్య ఒకచోట కారు ఆపింది. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. వచ్చింది కోపం. ముసలాయన మీద కాదు. తను చెప్పినదే ఆయన చేశాడు. తన హిందీ మీద కోపం వచ్చింది, కొత్తది అన్న ఒక్క మాట స్పష్టంగా అనలేని తన నోటి మీద వచ్చింది. అక్కణ్ణుంచి అది రఘుపతి మీదికి పోయింది. పెళ్లినాటి ఫోటో ఉంది గోడ మీద. గొంతు ఫోన్‌లో ఉంది, ఏదో కూరగాయలు తెమ్మన్న మెసేజీ. కానీ ఆ చెయ్యి మళ్లీ ఎక్కడా లేదు. ఇంట్లో ఎవరైనా ఉంటే, వెళ్లి చెప్పడానికి ఉంటే, ఇది చిన్న సంగతి అయ్యేదేమో. చెక్క ముక్కే కదా అని ఎవరైనా అంటే, అవునులే అని తనూ అనేదేమో. ఎదురుగా లారీలు పోతూ ఉన్నాయి. చాలాసేపటికి ఇండికేటర్ వేసి రోడ్డు మీదికి వచ్చింది.

ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు ఆమె క్లబ్‌కి వెళ్లలేదు. పిడి కారు డాష్‌బోర్డు అరలోనే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్న లేచి, ఇల్లు తుడిచి, మళ్లీ తుడిచి, సాయంత్రం దాకా టీవీ ముందు కూర్చునేది. సుమలత ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాను" అనేది. ఇబ్రా సంగతి చెబుదామని ఒకసారి నోరు తెరిచింది. పిడి అంటే ఏమిటో, పిస్టల్ ఎందుకో, తను ఎందుకు వెళ్తోందో, అక్కణ్ణుంచీ మొదలుపెట్టాలి. చెప్పకుండా ఊరుకుంది.

చివరికి నిసారే ఫోన్ చేశాడు. "ఏం మేడమ్, కనబడడమే మానేసినారు. ఒంట్లో బాగుండాదా? పిడి ఏమైంది? ముసలాయన చేసినాడా?"

"చేశాడు. రేపు తెస్తాను" అంది. ఎందుకు అందో ఆమెకే తెలియలేదు.

నిసార్ పిడిని చూసి ఈల వేశాడు. బిగించి ఇచ్చాడు. ఆమె గీత దగ్గర నిలబడి చెయ్యి ఎత్తింది. వేళ్లు జరగలేదు. ముందున్న గుర్తు గాడిలో నిలబడింది, కదలకుండా నిలబడింది. నొక్కింది. కాగితం దగ్గరికి తెప్పించుకుని చూస్తే నల్లటి చుక్కలో, దాదాపు మధ్యలో, చిన్న రంధ్రం. ఇంకోటి కొట్టింది. దాని పక్కనే. ఇంకోటి. గుండ్లన్నీ ఒకచోటికే పోతున్నాయి. పోతున్న కొద్దీ ఆమెకు లోపల మంట పెరిగింది. ఇంత బాగా కుదరకపోయినా బాగుండేది. ముసలాయన పని చెడగొట్టి ఉంటే దాన్ని చెత్తబుట్టలో పారేసి ఏడవగలిగేది. పిస్టల్ బల్ల మీద పెట్టేసి వెనక కుర్చీలో కూలబడింది.

"కుదిరింది కదా మేడమ్! ఇంక ఆ బాధ ఎందుకు?" నిసార్ దగ్గరికి వచ్చాడు. "సార్‌ది ఇంట్లో పెట్టుకున్నారా?"

"ఇదే అది" అంది శ్యామల. జరిగిందంతా చెప్పింది. ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. చెబుతుంటే చాలా చిన్న కథలా వినిపించింది.

నిసార్ ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నన్ను పిలిచింటే నేనూ వచ్చేటోణ్ణి ఇబ్రాకు. అరబ్బీ నాకొస్తాది" అన్నాడు. కొంచెం ఆగి, "సార్ ఎట్లా కాల్చేటోడో మీకు తెలుసా?" అన్నాడు.

"బాగా కాల్చేవారనే అనుకున్నాను. ఇన్నేళ్లు వచ్చారు కదా."

"లేదు మేడమ్. ఏమనుకోకండి. సార్‌కి గురి లేదు." నిసార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒక్క పోటీలోనూ పైకి రాలేదు. ప్రతిసారీ పిడిదే తప్పు అనేటోడు. నెలకోసారి లప్పం గీకేసేది, కొత్తది పెట్టేది, ఆ కుర్చీలో కూచొని మధ్యాహ్నం దాకా రాస్తానే ఉండేది. వేలి గాడి ఒకసారి ఎడమకి తిప్పేది, ఇంకోసారి కుడికి. నేను చెప్తే వినేటోడు కాదు. కాల్చడం కన్నా రాయడమే ఇష్టం ఆయనకి. మీరు లాకరులో చూసింది సార్ పోకముందు నెల పెట్టిన లప్పం. అంతే."

శ్యామల అతని వైపు తిరిగి చూసింది. రఘుపతి గురించి ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఈ కర్నూలు మనిషికి తెలుసు. అతనికి గురి లేదన్నది తను ఎన్నడూ ఊహించలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాక "ఎలా జరిగింది?" అని తను అడిగితే "బానే ఉంది" అని స్నానానికి వెళ్లేవాడు. చేతి గోళ్లలో గోధుమరంగు దుమ్ము ఉండేది. కాలేజీ పని దుమ్మనుకునేది. తను అడిగింది కూడా చాలా తక్కువసార్లే.

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతోంటే కళ్లు నిండాయి. నిసార్ లేచి రేంజి అవతల ఎవరితోనో పనున్నట్టు వెళ్లిపోయాడు.

బాధ అప్పటితో పోలేదు. ఇబ్రా దుకాణం నేల తలుచుకుంటే చేతిలో పని ఆగిపోయేది. కానీ శుక్రవారాలు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. చలికాలం వచ్చింది, రేంజి బయట కుర్చీలు వేసుకుని కూర్చునే రోజులు. క్లబ్ వాళ్లు చిన్న పోటీ పెడితే నిసార్ అడక్కుండానే ఆమె పేరు రాసేశాడు. ఆడవాళ్ల వరుసలో ఆమె మధ్యలో ఎక్కడో వచ్చింది. గెలిచినవాళ్లతో పాటు గెలవని వాళ్లు కూడా భార్యలతో, మొగుళ్లతో, పిల్లలతో నిలబడి ఫోటోలు దిగారు. నిసార్ తన ఫోన్ తీసి "మీరు కూడా నిలబడండి మేడమ్" అన్నాడు. ఒక్కతే నిలబడింది. "కొంచెం నవ్వాల" అన్నాడతను. నవ్వింది. ఇంటికెళ్లాక ఆ ఫోటో ఫోన్‌లో చూసుకుంది. పక్కన ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని కత్తిరించకుండా సుమలతకు పంపించింది. "ఇదేంటి వదినా? పిస్టలా?" అని వెంటనే ఫోన్ వచ్చింది. ఆ రోజు చాలాసేపు మాట్లాడింది. మొదటి నుంచీ చెప్పింది.

ఎక్కువగా కాలుస్తున్న కొద్దీ బొటనవేలి కింద నొప్పి మొదలైంది. ముసలాయన కొలిచినప్పటి చెయ్యి వేరు, వారం వారం బరువెత్తిన చెయ్యి వేరు. అక్కడ కండ కాస్త గట్టిపడింది, ఒరుసుకుపోతోంది. ఇబ్రా వెళ్లి చేయించుకోండి అన్నాడు నిసార్. వెళ్దామనే అనుకుంది. ముసలాయనను చూడాలని కూడా ఉంది. కానీ ఆ శనివారం పొద్దున్న అల్ ఖౌద్ బజారులో హార్డ్‌వేర్ దుకాణం ముందు కారు ఆపింది. లోపలికి వెళ్లి సన్నటి ఆకురాయి ఒకటి, రెండు రకాల ఉప్పుకాగితం కొనుక్కుంది. దుకాణదారు దేనికని అడిగితే "చెక్క పని ఉంది" అంది.

బాల్కనీలో పేపరు పరిచి కూర్చుంది. మొదటిసారి రాసినప్పుడు చెయ్యి భయపడింది. కర్ర గట్టిది, ఆకురాయి జారి పక్కన గీత పడింది. అయ్యో అనుకుంది. ఆ గీతను ఉప్పుకాగితంతో రుద్దింది, పూర్తిగా పోలేదు. మళ్లీ రాసింది, ఈసారి నెమ్మదిగా, ఒకే వైపుకి. సన్నటి పొడి పేపరు మీద పడుతోంది. కింద రోడ్డు మీద ఎవరో కారు హారన్ కొడుతున్నారు, ఎదురు బిల్డింగ్‌లో పనిమనిషి దుప్పట్లు దులుపుతోంది. పొడి ఊది, పిడిని చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని చెయ్యి చాపి పట్టుకుంది.

ఇంకా ఒరుసుకుంటోంది. కొంచెమే. ఎక్కడో తెలిసింది ఇప్పుడు. పొద్దెక్కుతోంది, వంట ఇంకా మొదలుపెట్టలేదు. ఆకలి కూడా వేయడం లేదు. మళ్లీ ఆకురాయి అందుకుంది.